పిల్లి ఊపిరికి గీటురాయి

చిలకలపూడి పేరు చెబితే మన కృష్ణా జిల్లా వాళ్లకి వెంటనే రెండు గుర్తుకొస్తాయి. ఒకటి పాండురంగడి గుడి, రెండోది రోల్డ్‌గోల్డ్ నగలు. గుడి సంగతి అలా ఉంచి నగల సంగతి చూద్దాం. లోపల రాగో ఇత్తడో ఉంటుంది, పైన బంగారు పూత. కొత్తలో చూస్తే అసలుకీ దీనికీ తేడా కనిపెట్టడం మన తరం కాదు. అదే ఆ పనిలో చెయ్యి తిరిగినవాళ్లయితే నగని అటూ ఇటూ తిప్పి ఇట్టే చెప్పేస్తారు. ఎలాగంటారా? అసలు బంగారం ఎలా ఉంటుందో వాళ్లకి బాగా తెలుసు కాబట్టి. గీటురాయి రహస్యం కూడా అదే. మేలిమి గీత పక్కన పెట్టి చూస్తేనే రెండో గీత సంగతి బయటపడేది.

పిల్లుల గురించి రాస్తూ ఈ నగల గొడవెందుకంటే... పిల్లి కూడా ఒక రకంగా రోల్డ్‌గోల్డే! పైకి నిగనిగలాడుతూ ఉంటుంది. వేళకి తింటుంది. ఒళ్లంతా నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. లోపల ఏముందో మాత్రం చెప్పదు. కుక్కకి ఒంట్లో బాగాలేకపోతే నాలుగడుగులు నడిచేసరికి ఆయాసపడుతుంది, దగ్గుతుంది. ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. పిల్లి అలా కాదు. ఊపిరి చాలకపోతే పరుగులు తగ్గించుకుంటుంది. గోడ దూకడం మానేస్తుంది. మరో గంట ఎక్కువ పడుకుంటుంది. మనమేమో 'వయసు మీద పడుతోంది, బద్ధకం వచ్చింది' అనుకుంటాం. గిలకలదిండి రేవులో చేపల బుట్టల చుట్టూ తిరిగే పిల్లి అయినా, మీ ఇంట్లో సోఫా మీద పడుకునే పిల్లి అయినా ఈ విషయంలో తేడా ఏమీ లేదు. చివరికి ఒక రాత్రి నోరు తెరిచి రొప్పడం మొదలుపెడుతుంది. అప్పటికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది.

అందుకే ఈమధ్య పశువైద్యులు ఓ కొత్త మాట అంటున్నారు. జబ్బు పిల్లి ఊపిరితిత్తులు చూసే ముందు, ఆరోగ్యంగా ఉన్న పిల్లి ఊపిరితిత్తులు చూడటం నేర్చుకోవాలని. అదీ అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో!

బాగానే ఉంది కదా, ఎందుకండీ?

వినగానే ఎవరికైనా ఇదే అనుమానం వస్తుంది. టీకా కోసం పిల్లిని తీసుకొచ్చినావిడ "దీనికేం జబ్బు లేదండీ డాక్టరు గారూ, ఆ సూది వేసి పంపించెయ్యండి చాలు" అంటుంది. ఆ మాటలో తప్పులేదు. కానీ పైకి బాగున్నవన్నీ లోపల కూడా బాగున్నట్టేనా?

ఇంగ్లండులో ఈ సంగతి లెక్కగట్టి చూశారు. పెంచుకునేవాళ్ల కోసం ఎదురుచూసే పిల్లుల్ని ఉంచే కేంద్రాలు అక్కడ ఉన్నాయి. వాటిలో పైకి ఏ జబ్బూ లేని 780 పిల్లుల గుండెల్ని స్కానింగ్ చేశారు. 2015లో ఆ వివరాలు అచ్చయ్యాయి. వాటిలో నూటికి దాదాపు 15 పిల్లుల్లో గుండె కండరం మందమెక్కే జబ్బు కనిపించింది. అన్నీ తింటున్నవే, తిరుగుతున్నవే. వీటిలో చాలా పిల్లులు ఆ జబ్బుతోనే నిండా బతికేస్తాయి. కొన్నింటికి మాత్రం ఏదో ఒకరోజు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కొన్నింటికి రక్తం గడ్డ కట్టి వెనక కాళ్లు ఒక్కసారిగా పడిపోతాయి.

అదే పరిశోధనలో ఇంకో విచిత్రం ఉంది. స్టెతస్కోపు పెడితే నూటికి 40 పిల్లుల గుండెల్లో అదనపు శబ్దం వినిపించింది. వాటిలో ఎక్కువ వాటికి ఆ శబ్దం వెనుక గుండెజబ్బేమీ లేదు. అంటే శబ్దం వినిపించిన ప్రతి పిల్లికీ జబ్బు ఉన్నట్టు కాదు. పిల్లి చక్కగా తిరుగుతోంది కదా అని జబ్బు లేనట్టూ కాదు. చెవితో విన్నది, కంటితో చూసింది రెండూ చాలని చోట స్కానింగ్ అక్కరకొస్తుంది.

గాలిలో స్కానింగేమిటి?

కడుపులో బిడ్డని చూడటానికి, మూత్రపిండాల్లో రాళ్లు చూడటానికి స్కానింగ్ చేస్తారని మనకి తెలుసు. ఊపిరితిత్తులకి మాత్రం అది పనికిరాదని డాక్టర్లు ఏళ్ల తరబడి నమ్మారు. కారణం లేకపోలేదు. అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి వినపడని శబ్దం. అది మాంసంలోంచీ నీళ్లలోంచీ హాయిగా వెళుతుంది. గాలి తగిలిందా, గోడకి కొట్టిన బంతిలా వెనక్కి వచ్చేస్తుంది. స్కానింగ్‌కి ముందు ఒంటికి జెల్ పూసేది కూడా మధ్యలో గాలి లేకుండా చెయ్యడానికే. మరి ఊపిరితిత్తుల నిండా ఉండేది గాలే కదా!

అయితే ఆ వెనక్కి రావడంలోనే కబురంతా ఉందని తర్వాత అర్థమైంది. ఊపిరితిత్తి పొడిగా, గాలితో నిండి ఉంటే శబ్దం దాని పైపొర దగ్గరే ఆగి, ప్రోబుకీ పొరకీ మధ్య అటూ ఇటూ కొట్టుకుంటుంది. తెర మీద ఒకే ఎడంతో అడ్డగీతలు వస్తాయి, నిచ్చెన మెట్లలాగా. వీటిని ఏ-లైన్లు అంటారు. ఊపిరితిత్తిలోకి నీరు ఊరుతుంటే బొమ్మ మారిపోతుంది. పైపొర దగ్గర మొదలై తెర అడుగు దాకా నిలువుగా తెల్లటి చారలు దిగుతాయి. ఊపిరి తీసినప్పుడల్లా అవి కూడా అటూ ఇటూ ఊగుతాయి. వీటి పేరు బి-లైన్లు. మొదట్లో తోకచుక్క తోకలని పిలిచేవారు.

ఫ్రాన్స్‌లో అత్యవసర వైద్యం చేసే డానియెల్ లిష్టెన్‌స్టీన్ అనే డాక్టరు 1997లో ఈ నిలువు చారలకీ ఊపిరితిత్తుల్లో చేరిన నీటికీ ఉన్న సంబంధాన్ని చూపించాడు. ఆయాసంతో వచ్చిన మనిషికి మంచం పక్కనే ఎలా స్కానింగ్ చెయ్యాలో 2008లో ఒక పద్ధతి ప్రకటించాడు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ పద్ధతి చాలా దేశాల్లో ఆదుకుంది. రోగిని ఎక్స్‌రే గదికి తిప్పే పని తప్పించింది.

అన్నట్టు, ఈ కథ మనిషి దగ్గర మొదలవలేదు. ఊపిరితిత్తి పైపొర ఊపిరితో పాటు జారుతూ ఉంటుందనీ, ఛాతీలో గాలి చేరితే ఆ జారుడు కనిపించదనీ మొదట రాసింది 1986లో నార్మన్ రాంటనెన్ అనే పశువైద్యుడు. అతను చూసింది గుర్రాన్ని! గుర్రం నుంచి మనిషికీ, మనిషి నుంచి మళ్లీ కుక్కకీ పిల్లికీ వచ్చిందన్నమాట ఈ విద్య.

మంచి పిల్లి బొమ్మ ఎలా ఉంటుంది?

అమెరికాలో గ్రెగరీ లిషియాండ్రో అనే పశువైద్యుడు కుక్కలకీ పిల్లులకీ సరిపడేలా ఈ పరీక్షకి ఒక వరస ఏర్పరిచాడు. ఛాతీకి ఒక్కో పక్క నాలుగు చోట్లు, మొత్తం ఎనిమిది. పిల్లిని పడుకోబెట్టి కాళ్లు లాగి పట్టుకోనక్కర్లేదు. నిలబడినా సరే, పొట్ట మీద కూర్చున్నా సరే. యజమాని ఎదురుగా ఉండి బుగ్గలు నిమురుతూ ఉండొచ్చు. బొచ్చు గొరగనక్కర్లేదు. కాస్త పాయ తీసి, కొంచెం జెల్లో స్పిరిటో రాసి ప్రోబు ఆనిస్తే చాలు. చెయ్యి తిరిగినవాళ్లకి రెండు మూడు నిమిషాల పని.

తెర మీద ముందుగా కనిపించేవి రెండు పక్కటెముకలు, వాటి మధ్య ఒక మెరిసే గీత. నీళ్లలోంచి కళ్లు మాత్రమే పైకి పెట్టి చూసే మొసలిలా ఉంటుందని ఈ బొమ్మకి మొసలి పేరు పెట్టారు. ఆ మెరిసే గీతే ఊపిరితిత్తి పైపొర. పిల్లి ఊపిరి తీసినప్పుడల్లా అది కాలవ నీటి మీద ఎండలా తళతళమంటూ జారుతుంది. ప్రోబుని వెనక్కి జరిపితే ఊపిరితిత్తి అంచు వస్తుంది. ఊపిరి తీసినప్పుడు అది కాలేయాన్ని కప్పుతుంది, వదిలినప్పుడు తప్పుకుంటుంది. అచ్చం నాటకంలో తెర వేసి తీసినట్టు.

మరి ఆ నిలువు చారలో? ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు బాగున్న 49 పిల్లుల్ని లిషియాండ్రో బృందం ఇలా పరీక్షించింది. 2017లో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ పిల్లుల్లో ఎనిమిది చోట్లా ఒక్క బి-లైను కూడా లేదు. కొద్ది పిల్లుల్లో ఎక్కడో ఒకచోట ఒకటి కనిపించింది. ఇదీ మేలిమి గీత. మంచి పిల్లి ఊపిరితిత్తులు దాదాపు పొడిగా ఉంటాయి. ఎక్కడైనా ఒంటరి చార కనిపించినా కంగారు పడక్కర్లేదు.

ఈ ఒక్క ముక్క తెలియకపోతే రెండు వైపులా ప్రమాదమే. ఆయాసంతో వచ్చిన పిల్లికి నాలుగైదు చోట్ల చారలు గుంపులుగా కనిపిస్తున్నా 'పిల్లులకి ఇది మామూలేనేమో' అని వదిలేస్తే పిల్లి దక్కదు. టీకా కోసం వచ్చిన పిల్లికి ఎక్కడో ఒక చార కనపడగానే గుండెజబ్బని ముద్రవేసి, ఒంట్లో నీరు లాగేసే మందులు మొదలుపెడితే అదీ చేటే. ఆ మందులు అవసరం లేని ఒంటిని ఎండగడతాయి, మూత్రపిండాల మీద భారం వేస్తాయి. యంత్రం చార చూపిస్తుంది. అది జబ్బా కాదా అన్నది చూసేవాళ్ల అనుభవం చెప్పాలి. ఆ అనుభవం వచ్చేది ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్ని పదింటినో ఇరవయ్యింటినో ఓపిగ్గా చూసినప్పుడే.

అర్ధరాత్రి ఆయాసం

ఈ నేర్పు అసలు పనికొచ్చే సమయం వేరే ఉంది. రొప్పుతూ వచ్చిన పిల్లిని ఎక్స్‌రే బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టడం చాలా ప్రమాదం. ఉన్న కాస్త ఊపిరీ పెనుగులాటలో పోతుంది. బల్ల మీదే ప్రాణం పోయిన పిల్లులు లేకపోలేదు. అలాంటప్పుడు ముందు ఆక్సిజన్ పెట్టి, ఉన్నచోటే కదపకుండా ప్రోబు ఆనిస్తే డాక్టరుకి దారి దొరుకుతుంది.

చారలు అన్ని వైపులా దట్టంగా ఉంటే ఊపిరితిత్తులు తడిసినట్టు. గుండె చెడి నీరు చేరిందేమో చూడాలి. ఊపిరితిత్తికీ పక్కటెముకలకీ మధ్య నల్లటి ఖాళీ కనిపిస్తే ఛాతీలో ద్రవం నిండినట్టు. గుండెజబ్బు, చీము, క్యాన్సరు, పిల్లుల్లో వచ్చే ఒక రకం కరోనా వైరస్ జబ్బు... ఇలా దానికి కారణాలు చాలా ఉన్నాయి. కారణం తర్వాత వెతకొచ్చు. ముందు సూదితో ఆ ద్రవాన్ని తీస్తే పిల్లి అప్పటికప్పుడు తేరుకుంటుంది. పైపొర జారుడే లేకపోతే ఛాతీలో గాలి చేరిందేమోనని అనుమానించాలి. డాబా మీంచి పడ్డ పిల్లుల్లో, బండి కింద పడ్డవాటిలో ఇది జరుగుతుంది. ఇవేవీ లేకుండా ఊపిరితిత్తులు పొడిగా ఉండి కూడా పిల్లి ఆయాసపడుతుంటే ఆస్తమావైపో, గొంతువైపో చూడాలి. ఒకే ఆయాసానికి నాలుగు దారులు. ఒకదానికి ఇచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు. కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది కూడా.

అలాగని స్కానింగే సర్వస్వం కాదు. ఊపిరితిత్తి లోతుల్లో ఉన్న గడ్డ పైపొరని తాకకపోతే దీనికి కనపడదు. మధ్యలో గాలి అడ్డం కదా! ఆస్తమా పిల్లి బొమ్మ చాలాసార్లు మంచి పిల్లి బొమ్మలాగే ఉంటుంది. చారలు కనిపించినంత మాత్రాన అది గుండె వల్లేనని కూడా చెప్పలేం. న్యుమోనియాలోనూ వస్తాయి, దెబ్బ తగిలి నెత్తురు చేరినా వస్తాయి. ఎక్స్‌రే పని ఎక్స్‌రేదే, గుండె స్కానింగ్ పని దానిదే. ఇది వాటి ముందు నిలబడి దారి చూపించే దీపం, అంతే.

మన దగ్గర సంగతి

ఇంతకీ ఇదంతా ఇంగ్లండు, అమెరికా కబుర్లేనా, బందరు పిల్లికి ఏమైనా ఒరిగేదుందా అంటారేమో. మన పశువుల ఆసుపత్రులు పాడిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి. అక్కడ గేదెకే మొదటి పీట. అందులో అన్యాయం ఏమీ లేదు, అది ఒక ఇంటి బతుకుతెరువు. కానీ ఊళ్లు మారాయి. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే, ఇక్కడ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లకి తోడు ఒక పిల్లే అయిన సందర్భాలు ఎన్నో. ఆ పిల్లి ఊపిరికి ఆ ఇంట్లో ఉన్న విలువ పాల లెక్కల్లో తేలేది కాదు.

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే ఇందుకు పెద్ద హంగులేమీ అక్కర్లేదు. గేదె చూడి నిలిచిందో లేదో చూడటానికి మన డాక్టర్లు అల్ట్రాసౌండ్ వాడుతూనే ఉన్నారు. అలా ఆసనం లోంచి చూసే ప్రోబుతోనే అమెరికా, కెనడాల్లో దూడల ఊపిరితిత్తుల్లో న్యుమోనియా పట్టుకుంటున్నారు. యంత్రం కొత్తది కాదు, దాన్ని ఛాతీ మీద ఆనించే అలవాటు కొత్తది. మనకి దగ్గర్లో గన్నవరంలో 1998 నుంచి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. చదువుకునే పిల్లలకి జబ్బు పిల్లి దొరికేదాకా ఆగనక్కర్లేదు. టీకాకి వచ్చిన ప్రతి పిల్లీ ఒక పాఠమే, యజమాని సరేనంటే.

మరి ప్రతి పిల్లికీ ఏటేటా స్కానింగ్ తప్పనిసరా? అలా ఎవరూ చెప్పడం లేదు. గుండెలో అదనపు శబ్దం వినిపించినవాటికి, వయసు మళ్లినవాటికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కోసం మత్తు ఇవ్వబోయే ముందు చూస్తే మంచిది. బాగున్న రోజున తీసిన బొమ్మ కార్డులో ఉంటే, బాగాలేని రోజున పక్కన పెట్టి పోల్చుకోవడానికి పనికొస్తుంది. మనుషుల్లో పాత ఈసీజీ దాచుకోమని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే.

మీరు చెయ్యగలిగింది

యంత్రం డాక్టరు దగ్గరుంటుంది. మీ దగ్గర గోడ గడియారం ఉంది కదా, అది చాలు. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు, గురగురలాడకుండా ఉన్నప్పుడు పక్కటెముకల దగ్గర చూడండి. పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చెయ్యండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నిమిషానికి 30 లోపే వస్తుంది. రెండు మూడుసార్లు చూసినా 30 దాటుతుంటే డాక్టరుకి చూపించాలి. నోరు తెరిచి రొప్పుతున్నా, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, నాలుక చిగుళ్లు నీలంగానో పాలిపోయినట్టో మారినా, వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. గాలి ఆడే బుట్టలో పెట్టి, కదిలించకుండా, అరవకుండా తీసుకెళ్లండి.

జలుబు చేసిందని మనం మింగే పారాసెటమాల్‌లో చిన్న ముక్క కూడా పిల్లికి వెయ్యకండి. అది పిల్లికి విషం. నెత్తురులో ప్రాణవాయువుని మోసే శక్తినే చెడగొట్టేస్తుంది. ఆస్తమా పిల్లి ఉన్న ఇంట్లో దోమల కాయిల్, సాంబ్రాణి పొగ, సిగరెట్టు దూరంగా ఉంచండి.

ఈ రాత్రికే మొదలుపెట్టొచ్చు. పిల్లి హాయిగా ఉన్న రోజునే లెక్కపెట్టి, 18 అయినా 24 అయినా, ఆ అంకెని తారీఖుతో సహా గోడ మీది క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. నెలకోసారి అదే పని చెయ్యండి. ఎప్పుడైనా డాక్టరు "ఎన్నాళ్లనుంచి ఇలా ఉందమ్మా?" అని అడిగితే, ఆ క్యాలెండరే ఆయన ముందు పెట్టండి.